కదిలే బొమ్మలు – కల్పనా విజ్ఞానము

బొమ్మల సినిమా అనగానే ఎలుకను తరిమే పిల్లియో, మాటలాడే బాతో, అడవిలో పాటలు పాడే రాకుమారియో పలువురి తలపునకు వచ్చును. ఇది కేవలము పిల్లల వినోదమనియు, పెద్దలకు ఇందులో పని లేదనియు ఒక అభిప్రాయము బలముగా నాటుకొని ఉన్నది. కాని గడచిన యాబది సంవత్సరములలో పెద్దలను ఉద్దేశించియే గీయబడిన బొమ్మల చిత్రములు అనేకము వెలువడినవి. వాటిలో ఒక ప్రత్యేకమైన తెగ కలదు. ఈ తెగకు చెందిన చిత్రములో ఆద్యంతము ఒకే కథ నడువదు. నాలుగైదు, లేక ఎనిమిది తొమ్మిది చిన్న కథలు ఒక దండగా కూర్చబడి ఉండును. ఆ కథలన్నియు విజ్ఞాన కల్పనలే. కెనడాలో తయారై 1981లో విడుదలయిన ‘హెవీ మెటల్’, జపానులో 1987లో వచ్చిన ‘రోబోట్ కార్నివాల్’, 1995లో వచ్చిన ‘మెమొరీస్’, 2003లో వెలువడిన ‘ది యానిమాట్రిక్స్’ ఇట్టివి.

వీటిని ఒకసారి చూచి మరచిపోవువారు ఉన్నారు. మరికొందరు పదేపదే చూచి, ప్రతి దృశ్యమును జ్ఞప్తియందుంచుకొని, తమవంటివారిని వెదకి గంటల తరబడి చర్చింతురు. ఇంతటి అభిమానమునకు కారణమేమి? ఈ చిత్రములలోని విజ్ఞానము ఎంతవరకు నిజము? పాఠశాలలో సైన్సు చెప్పువారికిని, నేర్చువారికిని వీటితో పనియేమి? ఈ ప్రశ్నలకు సమాధానము వెదకవలెనన్న, మొదట బొమ్మ ఎట్లు కదలునో తెలిసికొనవలెను.

బొమ్మ ఎట్లు కదలును?

తెరపై కనబడు కదలిక నిజమునకు తెరపై లేదు. అక్కడ పడునవి నిశ్చల చిత్రములే. సినిమా ఫిల్ములో సెకనుకు 24 చిత్రములు ప్రొజెక్టరు గుండా సాగిపోవును. ఒక చిత్రము జరిగి మరొకటి వచ్చు క్షణములో తిరుగుచున్న మూత ఒకటి కాంతిని అడ్డగించును. అంతేగాక, ఒక్కొక్క చిత్రమును రెండు లేక మూడు మారులు వెలిగించి ఆర్పుటచేత తెరపై సెకనుకు 48 లేక 72 మెరపులు కలుగును. అంత త్వరగా కలుగు మెరపులను కన్ను వేరుచేసి చూడలేదు గనుక వెలుగు నిలకడగా ఉన్నట్లు తోచును.

ఇంతవరకు వెలుగు సంగతి. మరి కదలిక మాట ఏమి? కంటిలో ఒక ప్రతిబింబము చెరగకముందే మరొక ప్రతిబింబము పడుటచేత కదలిక కనబడునని చాల పుస్తకములు చెప్పుచు వచ్చినవి. దీనికే ‘దృష్టి నిలకడ’ అని పేరు. ఈ వివరణ చాలదు. పాత ప్రతిబింబము చెరగకుండ నిలిచియే ఉన్నచో, ఒకదానిపై నొకటి పడి బొమ్మలన్నియు అలికినట్లు కావలెను గదా! మాక్స్ వర్తైమర్ అను మనశ్శాస్త్రజ్ఞుడు 1912లో ఈ విషయమై తన ప్రయోగములను ప్రకటించెను. కొద్ది దూరములో ఉన్న రెండు గీతలను తగినంత వ్యవధితో ఒకదాని తరువాత ఒకటి చూపినచో, చూచువారికి రెండు గీతలు కాక, ఒకే గీత ఇటునుండి అటు జరిగినట్లు కనబడును. అనగా కదలికను కల్పించునది మెదడు. రెండు స్థానములను చూచి, నడుమనున్న దారిని అదియే పూరించుకొనును.

విద్యార్థులు దీనిని సులభముగా పరీక్షింపవచ్చును. ఒక పాత నోటుపుస్తకము అంచున, వరుసగా 24 పుటలలో, కొంచెము కొంచెము జరిపి ఒక బంతిని గీయవలెను. బొటనవ్రేలితో పుటలను చరచర వదలినచో బంతి ఎగురును. వ్రేలి వేగము తగ్గినచో బంతి ఆగి ఆగి గంతులు వేయును. ఎంత వేగము వద్ద గంతులు పోయి కదలిక మొదలగునో ఎవరికి వారే కనుగొనవచ్చును.

ఇక లెక్క చూడుడు. సెకనుకు 24 చిత్రములయినచో నిమిషమునకు 1,440. తొంబది నిమిషముల సినిమాకు 1,29,600. ఒక్కొక్క బొమ్మను రెండు ఫ్రేములపాటు నిలుపుట వాడుక గనుక ఇందులో సగము బొమ్మలు చాలుననుకొన్నను 64,800 కావలెను. వెనుకనున్న కొండను, ఇంటిని ప్రతిసారి గీయనక్కరలేకుండ, కదలు పాత్రలను మాత్రము పారదర్శకమైన సెల్యులాయిడ్ పలకలపై గీయు పద్ధతికి అమెరికాలో ఎర్ల్ హర్డ్ 1914లో పేటెంటు కోరెను. తరువాత చాల దశాబ్దములు ఈ పద్ధతియే రాజ్యమేలినది. నేడు కాగితము, పలక పోయి చాల చోట్ల కంప్యూటరు వచ్చినది. కాని సెకనుకు ఇన్ని చిత్రములు కావలెనన్న నియమము మారలేదు.

ఇందులో ఒక విశేషము గమనింపదగినది. నటులతో సినిమా తీయునపుడు సంతవీధిని చూపుట సులభము, శనిగ్రహపు వలయములపై కట్టిన నగరమును చూపుట కష్టము. బొమ్మలు గీయువానికి మాత్రము సంతవీధియైనను, శనిగ్రహమైనను పట్టు శ్రమ ఇంచుమించు ఒకటియే. పెన్సిలునకు గురుత్వాకర్షణ లేదు. విజ్ఞాన కల్పనకును బొమ్మల చిత్రమునకును చెలిమి కుదిరినది ఇక్కడనే.

కథల దండ

కథలో కథలు చెప్పుట భారతీయులకు క్రొత్త గాదు. విక్రమార్కుడు భుజముపై శవమును మోయుచుండగా బేతాళుడు దారి పొడుగునను కథలు చెప్పును. ప్రతి కథ చివరను ఒక చిక్కు ప్రశ్న వేయును. సమాధానము తెలిసియు చెప్పకున్నచో రాజు తల పగులును. ‘హెవీ మెటల్’ చిత్రములో బేతాళుని స్థానమున ఒక ఆకుపచ్చని గోళము ఉన్నది. దాని పేరు లాక్‌నార్. సకల దుష్టత్వమునకు అది నిలయము. ఒక బాలికను ఇంటిలో నిర్బంధించి, వేరు వేరు కాలములందును, లోకములందును తన ప్రభావము ఎట్లుండునో ఆమెకు కథలుగా చూపును. బేతాళుడు ప్రశ్నను నోట పలికెను. ఈ గోళము ప్రశ్న వేయదు. ప్రశ్న వేసికొనవలసిన పని ప్రేక్షకునిపై పడినది.

ఈ చిత్రమునకు మూలము ఒక పత్రిక. ‘మోబియస్’ అను కలంపేరుగల జాన్ జిరో, ఫిలిప్ ద్రూయే మొదలగు ఫ్రెంచి చిత్రకారులు, రచయితలు కలిసి 1974లో ‘మెతాల్ యుర్లాన్’ అను బొమ్మల కథల పత్రికను స్థాపించిరి. దాని ఒరవడిలో 1977లో అమెరికాలో ‘హెవీ మెటల్’ పత్రిక వెలువడినది. ఆ పత్రిక పేరుతో, ఇవాన్ రైట్‌మన్ నిర్మాతగా, జెరాల్డ్ పాటర్టన్ దర్శకత్వములో చిత్రము తయారైనది. తొంబది నిమిషముల చిత్రమును ఒకే చిత్రశాల గీచినచో చాల కాలము పట్టును. కథలు వేరు వేరు గనుక వాటిని పలు చిత్రశాలలకు పంచి, ఒకే సమయములో గీయించిరి. అందుచేతనే ఒక భాగములోని గీత మరొక భాగములోని గీతను పోలదు. కత్తి పట్టిన ‘తార్నా’ అను వీరవనిత కథలో, ముందుగా ఒక స్త్రీ కదలికలను ఫిల్ముపై పట్టి, వాటిననుసరించి బొమ్మలు గీచిరి. ఈ పద్ధతి పేరు రోటోస్కోపు. దీనికి మాక్స్ ఫ్లైషర్ 1917లోనే పేటెంటు పొంది ఉండెను.

కథల దండకు ఖర్చు, కాలము కలిసివచ్చుట ఒక్కటే లాభము కాదు. చిన్న కథ ఒక ప్రయోగమువంటిది. ప్రయోగశాలలో ఒక పరిస్థితిని మార్చి, తక్కినవన్నియు యథాతథముగా ఉంచి, ఏమి జరుగునో చూచెదము. విజ్ఞాన కల్పన కూడ ఇట్లే ఒక్క విషయమును మార్చును. ‘మెమొరీస్’ చిత్రములో మూడు కథలు కలవు. మూడింటికిని మూలము జపాను చిత్రకారుడు కత్సుహిరో ఒటోమో రచనలు. కోజి మొరిమొటో దర్శకత్వమున తయారయిన ‘మాగ్నెటిక్ రోజ్’ అను మొదటి కథ 2092లో జరుగును. రోదసిలో పాడుబడిన ఓడల తుక్కు ఏరుకొనువారికి ఆపద సంకేతము ఒకటి వినబడును. వెదకుచు పోగా, ఎప్పుడో గతించిన ఒక సంగీత నాటక గాయని స్మృతులను యంత్రములు ఇంకను ఆడించుచున్న మాయామందిరము కనబడును. జ్ఞాపకమును యంత్రము నిలుపగలిగినచో దుఃఖము ఏమగును? ఇదియే ఆ కథలో మార్చిన పరిస్థితి. ‘స్టింక్ బాంబ్’ అను రెండవ కథలో జలుబు మందనుకొని ప్రయోగశాలలోని మాత్ర మ్రింగిన ఉద్యోగి దేహమునుండి ప్రాణాంతకమైన దుర్గంధము వెలువడుచుండును. తన వలననే జనులు పడిపోవుచున్నారని తెలియక అతడు రాజధాని వైపు బయలుదేరును. నవ్వును భయమును కలిపిన కథ ఇది.

ఒక్క ప్రశ్న, కొద్ది నిమిషముల వ్యవధి, తెగని ముగింపు – చిన్న కథకు ఇవియే లక్షణములు. మిగిలిన భాగము ప్రేక్షకుని మనస్సులో జరుగును. రెండు గీతల నడుమ దారిని మెదడు పూరించుకొన్నట్లే, కథకు కథకు నడుమనున్న ఖాళీని కూడ అది పూరించుకొనును.

‘కల్ట్’ చిత్రము అనగా నేమి?

‘కల్ట్’ అను మాటకు మూలము లాటిన్ భాష. దానికి ఆరాధన అని అర్థము. సినిమాల విషయములో, జనసామాన్యమంతయు మెచ్చినను మెచ్చకున్నను, ఒక చిన్న వర్గము మాత్రము విడువక ఆరాధించు చిత్రమును కల్ట్ చిత్రము అందురు. న్యూయార్కు నగరములోని ఎల్గిన్ థియేటరులో 1970 డిసెంబరునుండి ‘ఎల్ టోపో’ అను చిత్రమును అర్ధరాత్రి ఆటగా ప్రదర్శించిరి. పగటి ప్రేక్షకులు ఆదరించని చిత్రములకు రాత్రి ప్రేక్షకులు దొరకుట అప్పటినుండి వాడుకయైనది.

‘హెవీ మెటల్’ చిత్రమునకు అమెరికాలో ‘ఆర్’ అను ధ్రువపత్రము లభించినది. అనగా 17 ఏండ్లలోపువారు పెద్దల తోడు లేక చూడరాదు. థియేటర్ల ఆట ముగిసిన పిమ్మట అర్ధరాత్రి ప్రదర్శనలలోను, కేబుల్ టెలివిజనులో రాత్రి పొద్దుపోయిన తరువాతను ఇది కనబడుచుండెను. ఇందులో అనేక సంగీత బృందముల పాటలు ఉన్నందున, వాటి హక్కుల చిక్కు తెగక, ఇంటిలో చూచుకొను వీడియో టేపు 1996 వరకు న్యాయబద్ధముగా వెలువడలేదు. ఆ పదునైదేండ్లు అభిమానులు టెలివిజనునుండి పట్టిన మసక నకళ్లను చేతులు మార్చుకొనుచు చూచిరి. సులభముగా దొరకని వస్తువుపై మమకారము హెచ్చుట మానవ స్వభావము. అంతకు మించి, టేపు కావలెనన్న మరొక అభిమానిని వెదకవలెను. వెదకినచో పరిచయము, పరిచయము వలన చర్చ. కల్ట్ అనునది చిత్రములో మాత్రమే లేదు. చూచువారి నడుమ ఏర్పడిన బంధములో కూడ ఉన్నది.

కథల దండకు ఇది మరింత అనుకూలము. ఒకే కథయున్న చిత్రమును గురించి బాగున్నదనియో లేదనియో చెప్పి ఊరకుందురు. ఎనిమిది కథలున్నచో, ఏది మేలైనదన్న వాదము ఎప్పటికిని తెగదు. ఒకరికి నచ్చినది మరొకరికి నచ్చదు. ప్రతివారికి ఇది నాది అనదగిన భాగము ఒకటి దొరకును. 2000లో ‘హెవీ మెటల్ 2000’ అను పేర మరొక చిత్రము వచ్చినది. అందులో ఒకే కథ ఉన్నది. మొదటి చిత్రమునకు లభించిన ఆదరము దానికి లభించలేదు. ఒక్క ఉదాహరణతో సిద్ధాంతము చేయరాదు. కథ బలహీనముగా ఉండుట కూడ కారణము కావచ్చును. కాని పై వాదమునకు ఇది విరుద్ధము గాదు.

అభిమానులు ప్రేమించినదంతయు ప్రేమింపదగినది కాదని కూడ చెప్పవలెను. ‘హెవీ మెటల్’లో నెత్తురు, నగ్నత్వము మితిమీరి ఉన్నవి, స్త్రీలను కేవలము చూపులకు విందుగా గీచినారన్న విమర్శ న్యాయమైనది. పెద్దలకు మాత్రమే అన్నంత మాత్రమున పెద్దమనిషి తరహా వచ్చినట్లు కాదు. ఈ చిత్రము హైస్కూలు పిల్లలకు చూపదగినది గాదు. అయినను అందులోని ఒక్క ఊహ తరగతిలో చర్చకు ఎంతయో పనికివచ్చును.

ఆకాశమునుండి దిగిన కారు

‘హెవీ మెటల్’ మొదటి దృశ్యములో రోదసీ నౌక ఒకటి కక్ష్యలో తిరుగుచుండును. దాని తలుపులు తెరచుకొని, పైకప్పు లేని కారు ఒకటి జారి బయటపడును. అంతరిక్ష దుస్తులు ధరించిన మనిషి చక్రము పట్టుకొని, వాతావరణమును చీల్చుకొనుచు భూమిపైకి దిగి, ఏమియు జరగనట్లు రోడ్డుపై ఇంటికి పోవును. చూచినవారు మరువలేని దృశ్యము. ఇది నిజముగా సాధ్యమా?

భూమికి సమీప కక్ష్యలో తిరుగు వస్తువు వేగము సెకనుకు సుమారు 7.8 కిలోమీటర్లు, అనగా 7,800 మీటర్లు. గతిజశక్తి, ద్రవ్యరాశిని వేగపు వర్గముతో హెచ్చించి సగము చేసినంత గదా! ఒక కిలోగ్రాము ద్రవ్యరాశికి లెక్కించినచో 3 కోట్ల జౌల్‌లకు పైగా వచ్చును. గది ఉష్ణోగ్రతలోనున్న ఒక కిలోగ్రాము ఇనుమును కాచి, పూర్తిగా కరగించుటకు కావలసినది సుమారు 13 లక్షల జౌల్‌లు మాత్రమే. అనగా కారు నేలపై ఆగవలెనన్న, తనను తాను కరగించుకొనుటకు చాలిన శక్తికి ఇరువది రెట్లకు పైగా శక్తిని ఎక్కడనో వదిలించుకొనవలెను.

ఆ శక్తి ఉష్ణముగా మారును. గాలితో రాపిడి వలననే ఈ వేడి పుట్టునని సాధారణముగా అనుకొందురు. ప్రధాన కారణము అది కాదు. మహావేగముతో వచ్చు వస్తువు ముందరనున్న గాలికి ప్రక్కకు తొలగుటకు వ్యవధి చాలదు. అది ఒక్కసారిగా నొక్కుకొనిపోయి వేడెక్కును. సైకిలు పంపు అడుగుభాగము వేడెక్కుటకును కారణమిదియే. రోదసీ నౌకకు మొద్దుబారిన ముక్కు, వెడల్పైన అడుగు ఉండుటలోని మర్మమేమనగా, ఈ వేడిలో అధిక భాగము నౌకను తాకక, చుట్టునున్న గాలిలోనే పోవలెనని. మిగిలిన వేడిని ఆపుటకు అమెరికా స్పేస్ షటిల్ ఒడలికి 30 వేలకు పైగా సిలికా పెంకులు అతికించిరి. మిక్కిలి వేడెక్కు రెక్కల అంచులకు బలపరచిన కార్బను పలకలు అమర్చిరి.

షటిళ్లలో మొదట రోదసికి ఎగిరినది ‘కొలంబియా’. ఆ దినము 1981 ఏప్రిల్ 12. నాలుగు నెలలకు, ఆగస్టులో, ‘హెవీ మెటల్’ విడుదలయినది. నౌక అప్పటికి క్రొత్త, కారు ఊహ ఒక హాస్యము. ఇరువది రెండేండ్ల తరువాత, 2003 జనవరి 16న అదే కొలంబియా బయలుదేరుచుండగా, ఇంధనపు తొట్టినుండి ఊడిన నురుగు ముక్క ఎడమ రెక్క అంచునున్న కార్బను పలకను తాకి రంధ్రము చేసెను. ఫిబ్రవరి 1న తిరిగి వచ్చునపుడు ఆ రంధ్రము గుండా వేడి వాయువులు లోనికి చొచ్చుకొనిపోయి నౌక ముక్కలయినది. కర్నాలులో జన్మించిన కల్పనా చావ్లాతో సహా ఏడుగురు వ్యోమగాములు ప్రాణములు కోల్పోయిరి. బొమ్మల కారును చూచి నవ్వుటలో తప్పు లేదు. కాని ఒక్క పలక పగిలినంతనే ఏమగునో తెలిసినవాడు ఆ నవ్వుతో తృప్తిపడి ఊరకుండడు.

2018 ఫిబ్రవరి 6న అమెరికాలో స్పేస్ ఎక్స్ సంస్థ తన ‘ఫాల్కన్ హెవీ’ రాకెట్టు మొదటి ప్రయోగములో, అంతరిక్ష దుస్తులు తొడిగిన బొమ్మను కూర్చుండబెట్టి, నిజముగానే ఒక కారును రోదసికి పంపినది. ఆ కారు సూర్యుని చుట్టు తిరుగు కక్ష్యలోనికి పోయినది. ఊహలో సగము నిజమైనది. నేలకు దిగివచ్చు సగము నిజము కాలేదు.

విసరిన చేయి

‘హెవీ మెటల్’ను మరల తీయవలెనని దర్శకులు టిమ్ మిల్లర్, డేవిడ్ ఫించర్ చాలకాలము ప్రయత్నించిరి. ఆ ప్రయత్నము రూపు మార్చుకొని, 2019లో నెట్‌ఫ్లిక్స్‌లో ‘లవ్, డెత్ అండ్ రోబోట్స్’ అను పేర, మొదటి విడతగా 18 పొట్టి చిత్రముల మాలికయై వెలువడినది. వీటిలో చాలవాటికి మూలము అచ్చయిన విజ్ఞాన కల్పనా కథలే. ‘జీమా బ్లూ’ అను భాగమునకు మూలకథ వ్రాసిన అలస్టేర్ రేనాల్డ్స్ ఐరోపా అంతరిక్ష సంస్థలో పనిచేసిన ఖగోళ శాస్త్రజ్ఞుడు.

ఈ మాలికలోని ‘హెల్పింగ్ హ్యాండ్’ అను భాగములో ఉపగ్రహమును బాగుచేయుచున్న ఒక స్త్రీని చిన్న మర ఒకటి వచ్చి తాకును. ఆమె తన నౌకనుండి విడివడి దూరముగా కొట్టుకొనిపోవును. పట్టుకొనుటకు ఏమియు లేదు; తన్నుకొనుటకు నేల లేదు. ప్రాణవాయువు తరిగిపోవుచున్నది. చివరకు గడ్డకట్టిన తన చేతినే విరచి, నౌకకు వ్యతిరేక దిశలో విసరి, ఆమె నౌకవైపు కదలును. దృశ్యము దారుణము, సూత్రము న్యూటను చెప్పినదే. ఒక వస్తువును ఒక దిక్కునకు విసరినచో విసరినవాడు ఎదుటి దిక్కునకు పోవును. రెండింటి ద్రవ్యవేగములు సమానము.

ఉదాహరణకు దుస్తులతో కలిపి ఆమె బరువు 150 కిలోగ్రాములు అనుకొనుడు. 3 కిలోగ్రాముల వస్తువును సెకనుకు 6 మీటర్ల వేగముతో విసరినచో ద్రవ్యవేగము 18. దానిని 150 చేత భాగించగా సెకనుకు 0.12 మీటరు, అనగా 12 సెంటీమీటర్లు. 60 మీటర్ల దూరము పోవుటకు 500 సెకనులు – ఎనిమిది నిమిషములకు పైగా పట్టును. చీమ నడకవంటి వేగమే. కాని ఆపు గాలి లేదు గనుక అది తగ్గదు. ప్రాణము నిలుపుటకు చాలును.

ఇదే కథలో ఒక దోషము కూడ ఉన్నది. తొడుగు తీసిన చేయి రోదసిలో కొద్దిసేపటిలోనే గడ్డకట్టి పెళుసెక్కినట్లు చూపిరి. రోదసి చల్లనిదని వినుటచేత ఇది సహజముగా తోచును. కాని శూన్యములో వేడిని తీసికొనిపోవుటకు గాలి లేదు. ఉష్ణవహనము లేదు, ఉష్ణసంవహనము లేదు, మిగిలినది ఉష్ణవికిరణము. చర్మముపైని తడి ఆవిరియగుటచేత పైపొర కొంత చల్లబడిననూ, లోపలి మాంసము, ఎముక అంత త్వరగా గడ్డకట్టవు. థర్మాస్ ఫ్లాస్కు గోడల నడుమ గాలి తీసివేయుటయు ఇందుకే గదా! ఒకే కథలో ఒక సూత్రము చక్కగా నిలిచినది, మరొకటి తప్పినది. రెండింటిని వేరుచేయగల విద్యార్థికి ఉష్ణప్రసార పాఠము నిజముగా వచ్చినట్లే.

ఫిరంగుల పట్టణము

‘మెమొరీస్’లో మూడవ కథ ‘కానన్ ఫాడర్’. దీనికి ఒటోమో స్వయముగా దర్శకత్వము వహించెను. కథయంతయు తెంపు లేని ఒకే దృశ్యముగా సాగినట్లు గీయబడినది. సాధారణముగా దృశ్యము మారినపుడెల్ల వెనుకటి చిత్తరువును మార్చుకొని చిత్రకారులు ఊపిరి పీల్చుకొందురు. ఇక్కడ ఆ వీలు లేదు. వీధినుండి మెట్లకు, మెట్లనుండి కర్మాగారమునకు బొమ్మ సాగిపోవుచునే ఉండవలెను. పట్టణమునకు ఒకే పని యుండగా చూపునకు మాత్రము మరొక దారి ఏల యుండునని ఈ పద్ధతి చెప్పకయే చెప్పుచున్నది.

ఆ పట్టణపు పని ఫిరంగులు ప్రేల్చుట. ఇండ్లపై ఫిరంగులు, మేడలపై ఫిరంగులు, ఊరినడుమ మహాఫిరంగి. తండ్రి గుండు నింపు కూలి. కుమారుడు బడికి పోవును. తానెప్పటికైనను ఫిరంగిని ప్రేల్చు అధికారి కావలెనని అతని కోరిక. శత్రువు ఎక్కడ నున్నాడో ఎవరును చూడలేదు.

ఆ బడిలో చెప్పు చదువు కూడ ఫిరంగి చదువే. అందుకు కావలసిన గణితము కల్పితము గాదు, నేటి హైస్కూలు, ఇంటర్మీడియెట్ పుస్తకములలో ఉన్నదే. ప్రక్షేపకము పరావలయ మార్గమున పోవునని గెలీలియో 1638లో ప్రకటించెను. గాలి అడ్డును విడిచిపెట్టినచో, గుండు పడు దూరము తొలి వేగపు వర్గమును, ఎక్కుపెట్టిన కోణమునకు రెట్టింపు కోణపు సైనును అనుసరించి ఉండును. 45 డిగ్రీల వద్ద అది గరిష్ఠము. 30 డిగ్రీలకును 60 డిగ్రీలకును సమానము. సెకనుకు 300 మీటర్ల వేగముతో 45 డిగ్రీల కోణములో ప్రేల్చిన గుండు సుమారు 9.2 కిలోమీటర్ల దూరమున పడును. 1946లో లోకమునకు వెల్లడియైన ‘ఎనియాక్’ అను మహాగణన యంత్రమును అమెరికా సైన్యము కోరినది కూడ మొదట ఫిరంగి పట్టికలు లెక్కకట్టుటకే. నేడు బొమ్మల చిత్రములను గీయుచున్న కంప్యూటర్లు ఆ వంశమునకు చెందినవే.

ఇక్కడ ఒటోమో కథ ఉపాధ్యాయుని నిలదీయును. ‘హెవీ మెటల్’ కారులో లెక్క తప్పు. ఆ తప్పు ఎవరికిని హాని చేయలేదు. ఫిరంగుల పట్టణపు బడిలో లెక్కలో తప్పు వెదకిన దొరకదు; విద్యార్థులు శ్రద్ధగలవారు, కోణము సరియైనది, గుండు దూరము పోవును. లోపించినది ఒక్కటే – ఎవరిపైకి, ఎందుకు అన్న ప్రశ్న. ఆ ప్రశ్నకు ఆ పట్టణములో సమాధానము దొరకదు. సరియైన లెక్క చెప్పినంత మాత్రమున సైన్సు చెప్పినట్లు కాదని ఇంత స్పష్టముగా చూపిన కథలు తక్కువ.

ఉపాధ్యాయులు చేయదగినది

ఈ చిత్రములలో కొన్ని పెద్దలకే గాని పిల్లలకు తగవు. వాటిని తరగతిలో ప్రదర్శింపనక్కరలేదు. ఊహను నోటితో చెప్పి, నల్లబల్లపై లెక్క వేసినచో చాలును. పెద్దవారైన తరువాత విద్యార్థులు ఎట్లును వీటిని చూతురు. అప్పటికి ప్రశ్నించు అలవాటు వారికి అబ్బి యుండవలెను.

ఏ విజ్ఞాన కల్పనా కథనైనను మూడు ప్రశ్నలతో పరీక్షింపవచ్చును. ఒకటి: కథకుడు మార్చిన పరిస్థితి ఏది? రెండు: ప్రకృతి నియమములలో వేటిని నిలిపెను, వేటిని తప్పెను? మూడు: తప్పినది తెలియకనా, కావలెననియా? కారు దిగుట కావలెనని చేసిన తప్పు. అందులో హాస్యము ఉన్నది. చేయి క్షణములో గడ్డకట్టుట కథకు అవసరమై చేసిన తప్పు కావచ్చును. ఈ భేదము గ్రహించుట కూడ విద్యయే. ఫిరంగుల పట్టణమును తలచుకొన్నచో నాలుగవ ప్రశ్న కూడ చేర్చవలెను: ఈ విద్య ఎవరికొరకు?

అభిమానము పరీక్షకు శత్రువు కాదు. ఒక చిత్రమును పదిసార్లు చూచినవాడు దానిలోని దోషమును అందరికంటె ముందు పట్టగలడు. పట్టిన తరువాత కూడ దానిని ప్రేమించును. ఈ చిత్రముల అభిమానులు అర్ధరాత్రి ఆటలనుండి నేటివరకు చేయుచున్న పని ఇదియే. ఉన్నదానిని కాక ఉండదగినదానిని ఊహించుట, ఊహించినదానిని లెక్కకు పెట్టుట – రెండును కలిసిననే విజ్ఞానము. మన పాఠశాలలలో రెండవది నేర్పుట ఎన్నడును మానలేదు. మొదటిదానికి కూడ వారమునకొక గంట చోటిచ్చినచో, నోటుపుస్తకపు అంచున ఎగిరిన బంతి ఎంత దూరము పోవునో ఎవరు చెప్పగలరు?